స్కానింగ్ గదిలో అడిగిన మాట

స్కానింగ్ గది ముందు శ్రావణ్‌కుమార్ తన భార్య జ్యోతిలక్ష్మి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అడగకుంట బయటికి రాకు. మల్ల ఆడపిల్లనే అయితె ఉంచుకునేది లేదు."

ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు. జ్యోతిలక్ష్మికి ఇప్పుడు ఐదో నెల. మహారాష్ట్రలోని బల్లార్‌పూర్ నుంచి బస్సులో చంద్రపూర్ వచ్చారు. మగవాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. సరిగా మూసుకోని తలుపు సందులోంచి అతని చెప్పులు కనిపిస్తున్నాయి.

డాక్టరమ్మ పొట్ట మీద చల్లటి జెల్ రాసింది. బిడ్డ గుండె చప్పుడు గదంతా నిండింది.

"మేడం, లోపల బాబా, పాపా?" అని జ్యోతిలక్ష్మి బయటికి వినిపించేలా అడిగింది.

డాక్టరమ్మకు తెలుగు వచ్చు. పేషెంటు పరువు పోకూడదన్నట్టు మెల్లగా అంది. "అది చెప్పకూడదమ్మా. చెబితే నాకు జైలు. నిన్ను పంపి అడిగించినవాళ్లకూ జైలే."

జ్యోతిలక్ష్మి గబుక్కున లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. కళ్ల నిండా నీళ్లు. ఇక బతిమాలుతుందనుకుని డాక్టరమ్మ చెయ్యి విడిపించుకోబోయింది.

"చెప్పొద్దు మేడం, నాకు అసలే చెప్పొద్దు," అని గుసగుసగా అంది జ్యోతిలక్ష్మి. "గా జైలు ముచ్చటనే జర గట్టిగ చెప్పున్రి. ఆయనకు వినవడాలె. లేకుంటె ఇంకో కాడికి తీస్కపోతడు."

డాక్టరమ్మ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. లేచి వెళ్లి తలుపు బార్లా తీసి, అదే మాట వరండా అంతా వినేలా మళ్లీ చెప్పింది.