పసుపు అద్దిన మూలలు

నేను రాత్రిబడిలో చదివి పట్టా పొందినవాడను. నా తెలుగులో లోపాలుంటే పాఠకులు మన్నించగలరు.

మా అమ్మాయి పెళ్లి తేదీని బంధువులు ముందుగానే గుర్తుంచుకోవాలని, ఇంట్లోనే కార్డులు తయారుచేయడానికి కూర్చున్నాము. నేను అట్ట కత్తిరించి తేదీ వ్రాస్తుంటే, మా అక్క సత్యవేణి నాలుగు మూలలా పసుపు అద్దుతోంది. రాజమండ్రి ఆసుపత్రిలో ఉన్న బావగారి దగ్గర కొడుకును ఉంచి, ఈ పని కోసమే ఉదయం వచ్చింది.

మేనల్లుడు ఫోను చేశాడు. వరండాలోకి వెళ్లి మాట్లాడి వచ్చాను.

"ఏంటంట్రా?" అంది అక్క.

"మందులు మారుస్తున్నారంట. ఇవి అయ్యాక ఇద్దరం వెళ్దాం."

"మీ బావగారు ఇంటికొచ్చి చూశారంటే, నీ అక్షరాలు గోదాట్లో పడవల్లా ఊగుతున్నాయని వెక్కిరిస్తారు చూడు."

నేను ఇంకొక అట్ట తీసుకున్నాను.

"ఇంకా ఎందుకురా? ఊరంతటికీ పంచుతావా ఏంటి?"

"చాలవక్కా. నువ్వు అద్దుతూ ఉండు."

అట్టలన్నీ అయిపోయాయి. అక్క వేళ్లకు మిగిలిన పసుపును అలవాటుగా మంగళసూత్రాలకు రాసుకుని లేచింది.

అప్పుడు చెప్పాను, బావగారు పోయారని. ఫోను వచ్చినప్పుడే చెప్పి ఉంటే, ఆమె ముందున్న పసుపు గిన్నెను మా ఇంట్లోవారే పక్కకు తీసేసేవారు.

ఆ కార్డులనే అందరికీ పంపాను. దీనిని ముఖ్యంగా చదవవలసినది, పెళ్లిపందిట్లో మా అక్కను "నువ్వు కాస్త పక్కకు జరుగమ్మా" అనబోయే పెద్దలు. చదివిన పిమ్మట, తమ ఇంటికి చేరిన కార్డు మూలలను ఒకసారి చూసుకోవలెను.