సంతకం చెల్లుతుంది

ల్యాప్‌టాప్ కెమెరా పక్కనున్న చిన్న పచ్చదీపం మళ్లీ వెలిగింది.

థోరా అప్పుడు వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. కంప్యూటర్ని ఎవరూ ముట్టుకోలేదు. ఇంట్లో ఆమె తప్ప ఎవరూ లేరు. దీపం కాసేపు వెలిగి, దానంతట అదే ఆరిపోయింది.

వారం రోజులుగా ఇదే వరస. కెమెరా మీద ప్లాస్టర్ ముక్క అంటించింది. అయినా దీపం వెలిగినప్పుడల్లా అది ఊడలేదు కదా అని తడిమి చూసుకుంటోంది. ఎవరో తనని చూస్తున్నారు. తిండి సహించడం లేదు, కంటిమీద కునుకు లేదు. చివరికి ఇక ఉండబట్టలేక తారస్‌కి ఫోన్ చేసింది.

తారస్ ఆమె భర్త ఐనార్‌కి ప్రాణస్నేహితుడు. సరస్సు ఒడ్డునున్న మా గిమ్లీ ఊళ్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా అతనే దిక్కు. ఇక ఐనార్ సంగతి ఊరందరికీ తెలిసిందే. నిరుడు జనవరిలో భార్యాభర్తలిద్దరూ గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి వెళ్లారు. మంచు విరిగి ఐనార్ నీళ్లలో పడిపోయాడు. థోరా ఒక్కతే వణుక్కుంటూ ఒడ్డుకొచ్చింది. వసంతంలో మంచు కరిగాక ఎంత గాలించినా శవం దొరకలేదు. ఊరంతా ఆమెని ఓదార్చడానికి వచ్చింది. వచ్చినవాళ్లు ఊరికే రాకుండా ఎండు పళ్ల గుజ్జు పొరలు పేర్చి చేసే వినార్‌తెర్తా కేకు తలా ఒకటి పట్టుకొచ్చారు. మా ఊళ్లో పెళ్లికైనా చావుకైనా అదే. ఆమె ఫ్రీజర్ ఇప్పటికీ వాటితోనే నిండి ఉంది.

తారస్ బూట్లు గుమ్మం దగ్గర విప్పి, మేజోళ్లతో వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏ డిస్కౌంట్ ప్రకటనకి ఆశపడి ఏం నొక్కావు వదినా అని ఆటపట్టించాడు. థోరా నవ్వలేదు.

వైరస్ కోసం వెతికితే ఏమీ దొరకలేదు. అప్పుడు తారస్ తనకి బాగా గురి ఉన్న పద్ధతిలోకి దిగాడు. ఒళ్లు దగ్గరపెట్టుకుని చేసిన సాఫ్ట్‌వేర్ మీద, దాన్ని చేసినవాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. సంతకం లేనివాటినీ, సంతకం చెల్లనివాటినీ ఏరుకుంటూ పోతే, ఇంట్లో తిష్ఠవేసిన పిలవని చుట్టాలు బయటపడతారు.

ఇద్దరు బయటపడ్డారు. ఒకటి అడక్కుండానే ప్రకటనలు చూపించేది. ఇంకొకటి కంప్యూటర్ని శుభ్రం చేస్తానని చెప్పి చెత్త పోసేది. రెంటినీ పీకేశాడు. అయిపోయినట్టేనా అని అడిగింది థోరా. వీటికి కెమెరాతో పనిలేదు, అసలు దొంగ ఇంకా లోపలే ఉన్నాడు అన్నాడు తారస్.

ఆ మాట అంటుండగానే దీపం వెలిగింది.

తారస్ గబగబా వెతికాడు. కెమెరాని వాడుతున్నది ఐనార్ సొంతంగా తయారుచేసిన సాఫ్ట్‌వేరే. సరస్సు మీద ఎక్కడ ఎన్ని చేపలు పడ్డాయో రాసుకోవడానికి చేశాడు. ఊళ్లో బెస్తలందరి దగ్గరా ఉంది. కొత్తది వచ్చినప్పుడల్లా దానంతట అదే మారిపోతుంది. చేపల లెక్కకి కెమెరా ఎందుకో తారస్‌కి అర్థం కాలేదు. ఎవరో దీన్ని పాడుచేశారు, సంతకం చెల్లదు చూడు అంటూ నొక్కాడు.

సంతకం చెల్లుతుంది అని వచ్చింది. కింద ఐనార్ హాల్సన్ అన్న పేరు. దాని కింద తేదీ, ఈ నెలదే.

కంప్యూటర్ గడియారం తప్పేమో అంది థోరా. ఆ తేదీ ఇక్కడ పడేది కాదు, బయటి సంస్థ తన గడియారం చూసి వేసేది అని తారస్ చెప్పాడు. అయితే ఎవరో ఐనార్ పాస్‌వర్డ్ దొంగిలించారేమో అంది. ఒట్టి పాస్‌వర్డ్‌తో సంతకం పడదు. వేలెడంత పరికరం ఒకటి కంప్యూటర్‌కి తగిలించాలి. దానికి నకలు తీయడం కుదరదు. ఐనార్ దాన్ని గొలుసుకి కట్టి మెడలో వేసుకునేవాడు. నీళ్లలో పడిన రోజు కూడా అది మెడలోనే ఉందని పోలీసులకి చెప్పింది థోరానే.

"నీళ్లలో పోయినవాడు సంతకం ఎలా పెడతాడు వదినా?" అన్నాడు తారస్. "మనవాడు బతికే ఉన్నాడు."

అంత పెద్ద మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. థోరా ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఆనందం తట్టుకోలేకపోయిందనుకుని తారస్ పరుగున వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. తలకి దెబ్బ తగిలి ఉంటుంది, అవతలి ఒడ్డున ఎవరో పుణ్యాత్ములు చేరదీసి ఉంటారు అని తనే ఏవేవో ఊహించుకుంటూ పోయాడు.

"మిగతావి మర్చిపోయాడేమో గానీ, నిన్ను మర్చిపోలేదు చూడు. రోజూ చూసుకుంటున్నాడు."

"దాన్ని తీసెయ్ తారస్. నీకు దణ్ణం పెడతాను, తీసెయ్."

తీసేయడమేంటని అతను వింతగా చూశాడు. కెమెరా మీది ప్లాస్టర్ ముక్కని గోటితో ఊడబెరికాడు. కళ్లు తుడుచుకుని, ల్యాప్‌టాప్‌ని థోరా వైపు తిప్పాడు.

"ఒరే ఐనార్, వదిన ఇక్కడే ఉందిరా. ఇంటికొచ్చెయ్."

దీపం ఆరలేదు. థోరా కుర్చీలోనే ముడుచుకుపోయి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

నిరుడు ఆ సరస్సు మీద, విరిగిన మంచు అంచు పట్టుకుని పైకి లాగమని ఐనార్ బతిమాలుతుంటే, ఆ వేళ్లని బూటుకాలితో తొక్కి వదిలించింది ఆమే.