ఎర్ర కారు

ఆదివారం సాయంత్రమైతే జూబ్లీహిల్స్‌లోని ఆ ఇంట్లో టీవీ ముందు ఇద్దరే కూర్చునేవారు. తండ్రి అచ్యుతరామయ్య, కూతురు పూజిత. ఫార్ములా వన్ రేసు మొదలయ్యేది. ఆయనకు చూపు లేదు. చక్కెర జబ్బు రెండు కళ్లనూ తినేసింది. ఆమె చూసి చెప్పాలి.

"మనవాడు ఎక్కడున్నాడమ్మా?"

"వెనకబడ్డాడు నాన్నా."

మనవాడంటే ఎర్ర ఫెరారీ నడిపేవాడు. కారు ఛేజింగుల సినిమాలు తీసి ఫిల్మ్‌నగర్‌లో పేరు తెచ్చుకున్న నిర్మాత అచ్యుతరామయ్య. ఎర్ర కారంటే ప్రాణం. అది నడిపేవాడు ప్రపంచ ఛాంపియన్ కాక దగ్గర దగ్గర ఇరవై ఏళ్లయినా ఆయనకి ఆశ చావలేదు. పూజితను చిన్నప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏ జెండాకి ఏ అర్థమో నేర్పింది ఆయనే. టీవీ గొంతు నొక్కేసి తనే వ్యాఖ్యానం చెప్పేవాడు. ఆ ఇంగ్లీషు గోల మనకెందుకనేవాడు.

1999లో, ఆయనకింకా చూపున్నప్పుడు, అలాంటి ఒక ఆదివారమే తల్లి శ్యామలాదేవికి గుండెల్లో నొప్పి వచ్చింది. కారు తాళం ఆయన జేబులో ఉంది. పూజిత కాళ్లావేళ్లా పడింది.

"గ్యాసు నొప్పేలే. ఈ కాస్త రౌండ్లూ అయిపోనీ" అన్నాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

రేసు అయ్యాక బయల్దేరారు. ఆసుపత్రి చేరేసరికి అమ్మ లేదు.

పూజిత ఏడవలేదు. ఆయనతో దెబ్బలాడనూ లేదు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. మరుసటి ఏడాది ఆయన చూపు పోయింది. కంపెనీ బెంగళూరు పొమ్మన్నా వెళ్లలేదు. నాన్నని ఎవరి చేతుల్లోనూ పెట్టనంది. చుట్టాలు మెచ్చుకున్నారు. పొద్దున్నే పేపరు చదివి వినిపించేది. అన్నం కలిపి పెట్టేది. ఆదివారం టీవీ పెట్టి, ఆయన అలవాటు ప్రకారమే గొంతు తీసేసి, పక్కన కూర్చునేది.

ఇంజను కాలిందనేది. టైరు పేలిందనేది. ఆయన ముఖం వాడిపోతుంటే రెప్ప వాల్చకుండా చూసేది. అమ్మ పోయిన నాటి నుంచి కడుపులో రగులుతున్న మంట ఆ పూటకి కాస్త చల్లారేది.

అయిదో ఏడు ఆయన మంచం పట్టాడు. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక ఆదివారం, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మీ అమ్మని నేనే పొట్టన పెట్టుకున్నాను. ఆ పాపమే తగిలింది కాబోలు. ఈ ఏడన్నా మనవాడు ఛాంపియన్ అయ్యాడా తల్లీ? అయ్యాడను, నిశ్చింతగా కళ్లు మూస్తాను."

పూజిత నోరు తెరవబోయి ఆగింది. కారు వెనక సీట్లో తన ఒళ్లో చల్లబడిపోయిన అమ్మ తల గుర్తొచ్చింది.

"లేదు నాన్నా. ఈసారీ ఓడిపోయాడు."

ఆయన మర్నాడు మధ్యాహ్నం పోయాడు.

ఆయన చూపు పోయిన ఏడాది మొదలుకొని ఆ అయిదేళ్లూ, ఒక్క ఏడు తప్పకుండా, ప్రపంచ ఛాంపియన్ ఎర్ర కారువాడే.