బూడిదరంగు మచ్చ

"మనది మ్యూజియమమ్మాయ్! అంటే అర్థం తెలుసా? దేన్నీ మూసెయ్యం!"

మ్యూజియం పెద్ద బెర్తియే గారు తన జోకుకి తనే నవ్వి, కళ్లజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. ఎలోడీ నవ్వలేదు. బల్ల మీద ఫొటో వైపే చూస్తోంది.

రెండో ప్రపంచ యుద్ధంలో, లియోన్ నుంచి జర్మన్లు పారిపోయిన వారంలో, క్రువా-రూస్ కొండ మీద తీసిన ఫొటో అది. అరవై ఏళ్లు ఎవరి అటక మీదో పడుకుని, ఇప్పుడు లేచొచ్చింది. నడివీధిలో కుర్చీ. కుర్చీలో తల దించుకున్న ఒక పడుచుపిల్ల. సగం తల గుండు, సగం తల జుట్టు. వెనకాల ఇంకో పిల్ల కత్తెర పైకెత్తి, ఉన్న పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. చుట్టూ పేటంతా పండగ చేసుకుంటోంది.

"జర్మన్ సిపాయితో తిరిగిందని ఎవరో ఒకరు అంటే చాలు," అన్నాడు బెర్తియే. "ఆ వారం మగాళ్లకి తుపాకీ గుండ్లు, ఆడాళ్లకి బోడిగుండ్లు. విచారణ మాత్రం ఎవరికీ లేదు."

"గుండు కొట్టించుకున్నవాళ్ల మొహాలు దాచడం మన పద్ధతే కదండీ?"

"ఇంటివాళ్లు అడిగితే దాస్తాం. ఎవరూ అడగలేదుగా?"

"నేను అడుగుతున్నాను."

బెర్తియే గారి కళ్లజోడు నుదుటి మీంచి ముక్కు మీదకి జారింది. "అంటే... ఈ అమ్మాయి..."

"మా అమ్మమ్మ."

ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"సరే. కూర్చున్న పిల్ల మొహం మీద మచ్చ వేయిస్తా," అన్నాడు చివరికి. "ఆ కత్తెరపిల్లని మాత్రం వదలను. గోడంత చేయిస్తా. ఊరంతా ఆ పళ్లు చూడాలి."

"చేయించండి. ఎంత పెద్దదైతే అంత మంచిది!" అంది ఎలోడీ కసిగా.

కిందటి ఆదివారం దాకా ఆమెకీ ఏమీ తెలీదు. అమ్మమ్మ సోలాంజ్ వంటింట్లో కాఫీ తాగుతూ, శనివారం మ్యూజియంలో కొత్త గది తెరుస్తున్నాం, రావాలని ఆవిడని పిలిచింది.

"నేనా? నేనొస్తే బయటికి పంపుతారటే? నంబరేసి అద్దాల పెట్టెలో పెట్టేస్తారు."

ఎలోడీ పడీపడీ నవ్వింది. అమ్మమ్మ నవ్వలేదు. అమ్మమ్మ అంతే. ఎదుటివాళ్లని పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తుంది గానీ, ఆవిడ పళ్లు చూసినవాళ్లు ఇంట్లో లేరు.

అప్పుడు ఎలోడీ సంచిలోంచి ఫొటో తీసింది. అమ్మమ్మ చేతిలో కాఫీ గిన్నె నేల మీద పడి పగిలింది.

"ఆ మొహం గోడకెక్కించకు," అంది. ఆ గొంతు ఎలోడీ ఎన్నడూ వినలేదు.

"ఈ అమ్మాయి నీకు తెలుసా?"

"ఆ కుర్చీలో పిల్ల ఆ చలికాలానికే చచ్చిపోయింది."

చచ్చిపోయిందట. తన వయసుని, తన నవ్వుని తనే పాతిపెట్టుకున్న మనిషి ఇంకెలా చెబుతుంది?

ఎలోడీకి అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఆ ఇంట్లో కత్తెరన్నదే లేదు. దారమైనా పంటితోనే కొరుకుతుంది. చిన్నప్పుడు నుదుటి మీదకి జుట్టు కత్తిరించమని తను మారాం చేస్తే, అమ్మమ్మ గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. పడుచులో జుట్టు కత్తిరించే దుకాణంలో పని నేర్చుకుని, ఉన్నట్టుండి మానేసిందట. ఇక ఏటా ఊరికి విముక్తి వచ్చిన రోజున, బ్యాండు మేళం వీధిలోకి రాకముందే కిటికీ తలుపులు మూసుకుంటాయి.

ఎలోడీ ఆవిడని కావలించుకుంది. "నీ తప్పేం లేదు అమ్మమ్మా. చిన్నపిల్లవి."

"చిన్నపిల్లనే. అయినా అందరూ చూశారు."

"ఇంకెవరూ చూడరు. ఆ మొహం కనబడనివ్వను. మాటిస్తున్నా."

"నిజంగానా?"

ముసలావిడ మనవరాలి చెయ్యి తీసుకుని ముద్దుపెట్టుకుంది. ఆ మాట నమ్మే, శనివారం వచ్చింది.

మంచి నీలం కోటు వేసుకుంది. టికెట్లమ్మాయి, ముసలివాళ్లకి తగ్గింపు ఉందంటే, "దేంట్లో తల్లీ, వయసులోనా?" అని అడిగి నవ్వించింది. మెట్లెక్కుతున్నంతసేపూ ఎలోడీ చెయ్యి వదల్లేదు.

కొత్త గదిలో, ఫొటో మీది తెర జారింది.

కుర్చీలో పిల్ల మొహం మీద బూడిదరంగు మచ్చ. దాని వెనక, తలుపంత నవ్వు.

"రాక్షసి!" అంది ఎవరో ఒకావిడ. "ఆ పళ్లు చూడండి. ఏ తల్లి కన్నదో!"

"తల్లినెందుకంటారు?" అన్నాడు చేతికర్రతో ఉన్న ముసలాయన. "ఆ కూర్చున్న పిల్ల మా వీధిలోదే. దాని బతుకు..." అంటూ ఇటు తిరిగి, సోలాంజ్‌ని చూశాడు. ఫొటో వైపు చూశాడు. మళ్లీ సోలాంజ్‌ని చూశాడు.

ఎలోడీ చప్పున అడ్డం నిలబడింది. "ఏమిటండీ ఆ చూపు? చేసినవాళ్లు గోడ మీదున్నారు, వాళ్లని చూడండి!"

ముసలాయన కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

"మాటిచ్చావు కదే," అంది అమ్మమ్మ మెల్లగా.

"నిలబెట్టుకున్నాను అమ్మమ్మా. ఆ మచ్చ కింద ఎవరున్నారో ఇక దేవుడిక్కూడా తెలీదు."

సోలాంజ్ మచ్చ వైపు చూడలేదు. ఆవిడ వేలు దాన్ని దాటి పైకి, కత్తెర దాకా వెళ్లి ఆగింది.

"నవ్వుతున్నది నేనే."