కార్పొరేటర్ పక్కన మనిషి

“లోపల జర తక్కువ మాట్లాడు. ఇంతకుముందు ఇద్దరొస్తే ఇద్దర్నీ వాపస్ పంపింది,” అన్నాడు లక్ష్మయ్య, చిక్కడపల్లి గల్లీలో కార్పొరేటర్ అంబిక ఇంటి ముందు చెప్పులు విడుస్తూ.

తరుణ్ తలూపాడు. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఎందరినో ఇంటర్వ్యూలకు తయారుచేసి పంపినవాడు, ఇప్పుడు తన చొక్కా కాలర్ రెండోసారి సర్దుకున్నాడు. నారాయణగూడలో కొత్తగా వేసిన రోడ్డును అంబిక గునపంతో పొడిచి చూసి, కాంట్రాక్టర్ చేత మళ్లీ వేయించిన రోజు అతను అక్కడే ఉన్నాడు. ఉంటే ఈమె దగ్గరే ఉండాలని ఆ రోజే అనుకున్నాడు. పెదనాన్న లక్ష్మయ్యను బతిమాలి మాట కదిలించాడు.

లోపల అంబిక ఎదురుగా కూర్చోమంది. ఆమె తండ్రి మాసయ్య, పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి, మూలన కూర్చుని తరుణ్‌ను పునాదిని చూసినట్టు చూస్తున్నాడు.

“నేను లేనప్పుడు కాంట్రాక్టర్ మిఠాయి డబ్బ తెస్తడు. ఏం జేస్తరు?” అంది అంబిక.

“తీసుకోను మేడం.”

“మిఠాయే గద.”

“మిఠాయే అయితే ఆయన్నే తినమంట.”

మాసయ్య మీసం కదిలింది.

“నా ఫోన్ మోగుతది. నేను పక్కకు లేను.”

“మోగనిస్త.”

“మరి నా సంతకం?”

“నాకెందుకు మేడం, నా సంతకం నాకున్నది.”

“మొన్నొచ్చినాయన నా సంతకం నేర్చుకొనే వచ్చిండు. ఆడోళ్లకు సీటిచ్చేది మగోళ్లు కూసునేటందుకే అనుకుంటరు. తినేది వాళ్లు, పేపర్ల పేరొచ్చేది మాకు,” అంది అంబిక. “సరే, మీ పెదనాయిన వాళ్ల గల్లీకే ముందు నల్లా పడాలంటడు.”

లక్ష్మయ్య ముందుకు వంగాడు.

“లైన్ల నిలబడుమంట.”

లక్ష్మయ్య వెనక్కి వాలాడు.

“వచ్చే ఎలక్షన్ల నాకీ కుర్సీ పోతే?”

“కుర్సీని చూసి రాలే మేడం.”

అంబిక లేచి నిలబడింది. తనదీ వాపసే అనుకుని తరుణ్ లేవబోయాడు. ఆమె తండ్రి వైపు తిరిగింది.

“నాయినా, లగ్గం పెట్టుకుందం.”