రేపటి మోకాలు

ఆపరేషన్ అయ్యాక కాలెలా ఉంటుందో ముందే ఒక రోజు తొడుగు వేసి చూపించడం ఇప్పుడు అన్ని ఆసుపత్రుల్లోనూ మామూలే. ప్రవల్లిక కూడా ఆ తొడుగు వేయించుకుని ఇంటికి వచ్చింది. ఒకసారి అతికించిన లిగమెంటే మళ్లీ తెగింది. ఈలోగా మోకాలూ అరిగింది. రెండోసారి కోయించుకుంటుందో లేదో రేపు చెప్పాలి.

మేడ మీద ముగ్గుపిండితో గీత గీసి, అవతల స్నేహితురాలు సంతోషిని నిలబెట్టింది. చిన్నప్పుడు జిల్లా కబడ్డీ పోటీల్లో ఆ లిగమెంటుని మొదట తెంపింది సంతోషి పట్టే.

"కూతకొస్తన్నాను, పట్టుకోవే!"

ప్రవల్లిక గీతని తాకి, కళ్లకద్దుకుని ఉరికింది. నీళ్లు చల్లిన మైదానం వాసన ఎక్కడినుంచో ముక్కుకి తగిలింది. తొడుగుతో నొప్పి తగ్గదని డాక్టరు ముందే చెప్పాడు, తగ్గలేదు కూడా. కానీ మోకాలు జారలేదు. అప్పట్లాగే ఒడుపుగా కుడికి తిరిగింది.

"కబడ్డీ కబడ్డీ కబ..."

కూత తెగిపోయింది. కాలు ఇంకా ముందుకే లాగుతోంది, ఊపిరే లేదు.

సంతోషి చేతులు కట్టుకునే నిలబడింది.

"ఏటే, పట్టలేదు?"

"ఆ రోజు పట్టినందుకే ఇన్నేళ్లూ భుజమిస్తన్నాను. మళ్లీనా?"

ప్రవల్లిక నవ్వుతూ తొడుగు విప్పేసింది. ఎప్పటిలాగే కాలు పక్కకి తూలింది. చెయ్యి ఎప్పటిలాగే సంతోషి భుజం మీద పడింది.

"ఊపిరికి తొడుగుందేటో రేపు డాక్టర్నడుగుతాను. అది లేకుండా కాలెందుకే?"