మూడో చలికాలం దాకా

ఆ ఏడు మా బేస్‌బాల్ జట్టు నూట రెండు ఆటలు ఓడింది. ఆటలు లేని చలికాలంలో ఆటగాళ్లను ఎంచి కొనే పని నాది. యజమానురాలు మిసెస్ హల్వర్సన్ నన్ను పిలిచింది. ఆవిడకు ఎనభై రెండు.

"డువార్టేని ఇప్పుడే కొందామయ్యా. ఏడాదికి నలభై హోమ్ రన్లు కొడతాడు."

"వద్దమ్మగారూ. మన కుర్రాళ్లు ఇంకా పచ్చివాళ్లు. చేతికి అందిరావడానికి మూడేళ్లు పడుతుంది. అప్పటికి ఇతని మోకాళ్లు అరిగిపోతాయి. పెద్ద ఆటగాణ్ణి మూడో చలికాలంలో కొందాం."

"డాక్టరు నాకు రెండేళ్లే ఇచ్చాడు. కప్పు చూడకుండా పొమ్మంటావా?"

"సరే, కొనేద్దాం" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "ముసలమ్మ ఒక్క అబద్ధానికే కరిగిపోయావే! రేపు ఆటగాళ్ల ఏజెంట్లు వచ్చి ఏడిస్తే జట్టునే రాసిచ్చేట్టున్నావు. ఈ మూడేళ్లూ ఎవరడిగినా వద్దను. నేనడిగినా సరే."

సిగ్గుతో తలొంచుకుని వచ్చేశాను. తర్వాత ఎవరడిగినా వద్దన్నాను.

మూడో చలికాలంలో పెద్ద ఆటగాణ్ణి కొన్నాం. మరుసటి అక్టోబరులో కప్పు గెలిచాం. దాన్ని ఆవిడ కూతురు అందుకుంది.

డాక్టరు నిజంగానే రెండేళ్లన్నాడని ఆ కూతురే చెప్పింది. ఆ రోజు ఆవిడ ఆడిన అబద్ధం ఆ నవ్వొక్కటే.